పాత గ్రామఫోన్‌లో ఏ పార్ట్ ఒరిజినల్, ఏది తర్వాత వేసింది: మీరే చూసి తేల్చుకోవడం ఎలా

"మా దగ్గర పాత గ్రామఫోన్ ఉంది, ఒరిజినలేనా చెప్పండి" అని ఒకే ఒక్క ఫోటో చూపించి అడిగేవాళ్లే ఎక్కువ, తీరా ఆ ఫోటోలో హారన్ (శబ్దం బయటికొచ్చే గరాటు) తప్ప ఇంకేమీ కనపడదు. హారన్ చూసి ఏం చెప్తాం, మొత్తం మెషిన్‌లో అన్నిటికన్నా ముందు మారిపోయేది అదే. అసలు ప్రశ్నే కొంచెం మార్చుకోవాలి. నూరేళ్లు దాటిన మెషిన్ మొత్తంగా ఒరిజినల్ అనో డూప్లికేట్ అనో ఒక్క మాటలో తేలదు, ఏ పార్ట్‌కి ఆ పార్ట్ విడిగా చూసుకోవాల్సిందే.

చూసిన ప్రతి పార్ట్‌నీ ఈ నాలుగింట్లో ఒకదాంట్లో వేయండి:

- ఆ మెషిన్‌తో పాటే ఫ్యాక్టరీ నుంచి వచ్చింది
- అదే మోడల్‌ది, అదే కాలంది, కానీ వేరే మెషిన్ నుంచి ఊడదీసి పెట్టింది
- ఆ రోజుల్లోనే కంపెనీగానీ ఇంకొకళ్లుగానీ విడిగా అమ్మిన అదనపు సామాను
- ఈ మధ్య కొత్తగా తయారుచేసింది

మూడోదాన్ని చాలామంది మర్చిపోయి మంచి మెషిన్‌ని నకిలీ అని తీసిపారేస్తారు, దాని సంగతి కింద వస్తుంది. ఇంకోటి, పేరు రాసిన ప్లేటు, కుక్క బొమ్మ ఇవి ఆఖర్న చూడాలి. అందరూ ముందు అవే చూస్తారని అమ్మేవాళ్లకి తెలుసు కాబట్టి కొత్తవి చేసి అతికించేది కూడా ముందు అవే. స్క్రూ రంధ్రాలు, నూనె మరకలు, చెక్క మీద నీడలు మాత్రం ఎవరూ అంత ఓపిగ్గా తయారుచేయరు.

కావాల్సినవి

- చిన్న మాగ్నెట్, గీతలు పడకుండా చుట్టూ టేపు చుట్టుకోండి
- మంచి టార్చి, 10 రెట్లు చూపించే భూతద్దం
- రకరకాల వెడల్పుల్లో ఒంటి గాడి స్క్రూడ్రైవర్లు. మొన గాడిలో బిగుతుగా కూర్చోవాలి, వదులుగా ఉన్నదాంతో తిప్పితే స్క్రూ తల పాడవుతుంది, ఆ స్క్రూనే మీకు సాక్ష్యం
- యూవీ టార్చి, ఉంటే చాలా పనికొస్తుంది, లేకపోయినా పని ఆగదు
- స్కేలు లేదా వెర్నియర్, కాగితం, పెన్సిలు, ఫోన్ కెమెరా
- మెత్తటి పొడిగుడ్డ. పాలిష్, బ్రాసో, శానిటైజర్, తడిగుడ్డ ఇవేవీ దగ్గర పెట్టుకోకండి

మొదలుపెట్టే ముందు జాగ్రత్త

స్ప్రింగ్ చుట్టి ఉండగా మోటార్ విప్పకూడదు. ముందు బ్రేక్ వదిలేసి టర్న్‌టేబుల్‌ని (రికార్డు పెట్టే తిరిగే పళ్లెం) తిరగనివ్వండి, దానంతట అదే పూర్తిగా ఆగాలి. సిలిండర్ మెషిన్ (గొట్టం ఆకారం రికార్డు వాయించేది) అయినా ఇంతే. స్ప్రింగ్ బిగిసే ఉంది కానీ మోటార్ తిరగట్లేదు అంటే అక్కడితో వదిలేయండి, పని తెలిసినవాళ్లకి ఇవ్వండి. ఆ స్థితిలో గవర్నర్ (మోటార్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) ఊడదీస్తే స్ప్రింగ్ శక్తంతా ఒక్కసారి వదులుతుంది, గేర్ల పళ్లు విరగడం నుంచి వేళ్లు తెగడం దాకా ఏదైనా కావచ్చు. స్ప్రింగ్ ఉండే గుండ్రటి డబ్బా అయితే ఎప్పుడూ తెరవద్దు, ఇప్పుడు మనం చూడబోయేదానికి అది అక్కర్లేదు కూడా.

ఇక వరసగా:

1. మీ దగ్గర ఉన్నది ఏ రకం?

సిలిండర్ వాయించేదా, పళ్లెం రికార్డు వాయించేదా అన్నది మొదట తేల్చండి. సిలిండర్ మెషిన్లలో ఎక్కువ కనపడేవి ఎడిసన్‌వి (జెమ్, స్టాండర్డ్, హోమ్, ట్రయంఫ్, ఫైర్‌సైడ్, ఆంబెరోలా), కొలంబియా వాళ్ల గ్రాఫఫోన్లు. పళ్లెం మెషిన్లలో విక్టర్, కొలంబియా, హెచ్ఎంవీ. వీటన్నిటికీ దూరంగా ఇంకోటుంది, ఎడిసన్ డైమండ్ డిస్క్, 1912 నుంచి 1929 దాకా వచ్చింది, పావు అంగుళం మందం రికార్డులు, వజ్రపు ముల్లు, దాని పార్టులు మామూలు గ్రామఫోన్‌తో అస్సలు కలవవు.

హారన్ బయటికి ఉందా పెట్టెలో దాగి ఉందా అన్నది కూడా రాసుకోండి. విక్టర్ వాళ్లు 1906లో విక్ట్రోలా పేరుతో హారన్‌ని పెట్టెలోకి పంపించేశారు, ఆ తర్వాత పదేళ్లలో బయట హారన్ ఫ్యాషన్ తగ్గిపోయింది. కాబట్టి లోపల హారన్ ఉండాల్సిన మోడల్‌కి పైన ఇత్తడి పువ్వు కనపడితే ఆ హారన్ తర్వాత తగిలించిందే.

2. ముట్టుకోకముందే ఫోటోలు

ఆరు వైపులా, మూత తెరిచి, టర్న్‌టేబుల్ తీసి (ఎలా తీయాలో 4లో ఉంది), ప్రతి స్క్రూ కనపడేలా. దుమ్ము తుడవకుండా తీయండి. ఏ స్క్రూ చుట్టూ దుమ్ము పేరుకుని ఉందో, దేని చుట్టూ శుభ్రంగా ఉందో ఆ ఫోటోలే తర్వాత చెప్తాయి.

3. పెట్టె

ముందు చెక్క. పాత పెట్టెలు ఓక్ లేదా మహాగనీ గట్టి చెక్కతోనో, వాటి వెనీర్ (పలచటి చెక్క పొర) అతికించిన చెక్కతోనో చేసినవి. అడుగుభాగం, మూత లోపలి అంచు, స్క్రూ రంధ్రం లోపల టార్చి వేసి చూడండి, అక్కడ రంపపు పొట్టు అదిమి చేసిన బోర్డు కనపడితే అది కొత్త పెట్టె. ఎండీఎఫ్ అనే ఇలాంటి బోర్డు 1960ల తర్వాతే మార్కెట్లోకి వచ్చింది. అయితే ప్లైవుడ్ కనపడగానే కంగారుపడకండి, పాత కంపెనీలు కూడా కొన్నిచోట్ల పొరల చెక్క వాడాయి.

తర్వాత రంగు. చాలా పాత పెట్టెలకి లక్క పాలిష్ ఉంటుంది. గది చీకటి చేసి యూవీ టార్చి వేస్తే లక్క నారింజ రంగులో మెరుస్తుంది, ఈ కాలం వార్నిష్‌లు చాలావరకు అలా మెరవవు. కొందరు స్పిరిట్ చుక్క వేసి కరుగుతుందో లేదో చూడమంటారు. పనిచేసే పరీక్షే కానీ డెకాల్ (చెక్క మీద దించిన పేరు, బొమ్మ) దగ్గరగానీ, పైకి కనపడే చోటగానీ ఛస్తే చేయకండి, పోయింది తిరిగిరాదు. మళ్లీ పాలిష్ చేసిన పెట్టె నకిలీ పెట్టె కాదు, పెట్టె ఒరిజినల్, పైపూత కొత్తది, రెండూ విడివిడిగా రాసుకోండి.

అరుగుదల ఎక్కడుంది? చెయ్యి తగిలే చోట్లే ఉండాలి, అంటే మూత ముందంచు, హ్యాండిల్ చుట్టూ, బ్రేక్ దగ్గర, అడుగున నాలుగు మూలలు. ఎవరి చెయ్యీ వెళ్లని మూలలో కూడా సమానంగా అరిగి, సమానంగా నల్లబడి ఉంటే ఎవరో కావాలని పాతగా చేశారు.

4. మోటార్ బోర్డు ఎత్తి లోపల చూడండి

మోటార్ బోర్డు అంటే టర్న్‌టేబుల్ కింద మోటార్‌ని మోసే చెక్క పలక. అసలు కథ ఇక్కడే ఉంటుంది, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. ముందు హ్యాండిల్ తీసేయండి, అది లోపలికి తగులుకుని ఉండగా బోర్డు లేపితే విరుగుతుంది. టర్న్‌టేబుల్‌ని రెండువైపులా పట్టి నిదానంగా పైకి లాగండి (కొన్నిట్లో మధ్యలో క్లిప్ ఉంటుంది, ముందు అది తీయాలి). తర్వాత బోర్డు స్క్రూలు. కొన్ని బోర్డులు కీలు మీద లేస్తాయి, బలవంతం చేయకండి.

లోపల ఇవి చూడండి:

ఖాళీ రంధ్రాలు. మోటార్ నాలుగు స్క్రూల మీద నిలబడి ఉంది, పక్కన ఏ పనీ లేని మూడు రంధ్రాలు ఉన్నాయి అంటే ఇంతకుముందు అక్కడ వేరే మోటార్ ఉండేది. చెక్కపుల్లతోనో మైనంతోనో పూడ్చి ఉండచ్చు, వేలితో తడిమితే తెలుస్తుంది. టోన్‌ఆర్మ్ (సూది దగ్గర నుంచి హారన్ దాకా శబ్దం మోసే గొట్టం) కింద, హారన్ బ్రాకెట్ వెనక కూడా ఇలాగే.

కోసిన అంచులు. మోటార్ కోసం బోర్డులో చేసిన పెద్ద రంధ్రం ఫ్యాక్టరీలో మెషిన్ మీద కోసింది, అంచు నున్నగా మిగతా చెక్క రంగులోనే ఉంటుంది. తర్వాత చేత్తో పెంచి ఉంటే రంపం గీతలు, లేత రంగు కనపడతాయి.

నీడ. దశాబ్దాలు ఒకేచోట కూర్చున్న ఇనుము చెక్క మీద తన ఆకారం వదులుతుంది. ఇప్పుడున్న పార్ట్ ఆకారం ఆ నీడతో కలవాలి. నీడ గుండ్రంగా ఉండి పార్ట్ చతురస్రంగా ఉంటే ఇంక చెప్పేదేముంది.

నూనె మరకలు. గవర్నర్, గేర్లు ఎక్కడున్నాయో సరిగ్గా దానికింద పెట్టె అడుగున ముదురు మరక ఉండాలి. మోటార్ బాగా పాతది, కింద చెక్క మాత్రం శుభ్రంగా కొత్త బల్లలా ఉంది అంటే ఆ రెండూ ఈ మధ్యే కలిశాయి.

రాతలు. కొన్ని పెట్టెల్లో లోపల పెన్సిలుతోనో ముద్రతోనో అంకెలు ఉంటాయి. అవి ప్లేటు మీద సీరియల్‌తో కలిస్తే చాలా సంతోషించాల్సిన విషయం. కలవకపోతే మాత్రం వెంటనే నకిలీ అనకండి, అది పని చేసినవాడి లెక్క అయి ఉండచ్చు.

5. స్క్రూలు

ఇది చాలా సులువు, చాలామంది వదిలేస్తారు. ఆ కాలంలో వాడినవి ఒంటి గాడి స్క్రూలు. ప్లస్ గుర్తు ఫిలిప్స్ స్క్రూలు 1930ల మధ్యలో గానీ వాడకంలోకి రాలేదు. కాబట్టి 1910 నాటి మెషిన్ మీద ప్లస్ స్క్రూ కనపడితే ఆ స్క్రూ మాత్రం ఖాయంగా తర్వాతది, దాన్ని బిగించినవాళ్లు ఆ పార్ట్‌ని ఊడదీశారన్నదీ ఖాయమే. పార్ట్ కూడా మార్చారా అంటే, అది స్క్రూ చెప్పదు, ఎక్కడ అనుమానించాలో మాత్రం చెప్తుంది. రిపేరు చేసినవాడు పాత స్క్రూ పారేసి చేతికి దొరికింది వేసి ఉండచ్చు.

ఒంటి గాడి స్క్రూలే ఉన్నా సరే తలలు ఒకేలా ఉన్నాయా చూడండి, ఒకే పార్ట్‌ని పట్టిన నాలుగింట్లో మూడు నికెల్, ఒకటి పసుపు జింక్ పూత అయితే ఆ ఒకటి బయటిది.

6. లోహం, పూత

నికెల్‌కీ క్రోమ్‌కీ తేడా కంటికి అలవాటు చేసుకోండి. నికెల్ కొంచెం పసుపు కలిసిన వెచ్చటి తెలుపు, పాతబడితే మబ్బు పడుతుంది. క్రోమ్ నీలం కలిసిన చల్లటి తెలుపు, అద్దంలా ఉంటుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూస్తే ఒక్కసారికే వచ్చేస్తుంది. క్రోమ్ పూత వ్యాపారంగా వచ్చింది 1920ల మధ్య నుంచే, కాబట్టి 1908 విక్టర్ మీద అద్దంలా మెరిసే క్రోమ్ టోన్‌ఆర్మ్ అంటే కొత్త పూతో కొత్త పార్టో. 1930ల పోర్టబుల్ మీద మాత్రం క్రోమ్ ఉండచ్చు, తప్పులేదు. ఖరీదైన మోడల్స్‌కి బంగారు పూత వేసేవాళ్లు, అది చాలా పలచన, తుడిస్తే పోతుంది, అందుకే పాలిష్ దగ్గర పెట్టుకోవద్దన్నది.

మాగ్నెట్ ఎలా వాడాలంటే, హారన్‌కి, టోన్‌ఆర్మ్‌కి, సౌండ్‌బాక్స్‌కి (సూది పట్టుకుని శబ్దం పుట్టించే భాగం), ప్లేటుకి అన్నిటికీ తాకించి అంటుకుందా లేదా రాసుకోండి. ఇత్తడిలా కనపడే హారన్‌కి మాగ్నెట్ అంటుకుంటే అది ఇనుము మీద ఇత్తడి పూత. అంటుకోలేదంటే ఇత్తడి, అంతే, పాత ఇత్తడా కొత్త ఇత్తడా అన్నది మాగ్నెట్‌కి తెలియదు. ఈ ఒక్క విషయంలో జనం ఎంత గట్టిగా వాదిస్తారో!

పాట్ మెటల్ అనే జింక్ మిశ్రమం ఇంకో సంగతి. 1920ల నుంచి సౌండ్‌బాక్స్ వెనకభాగాలు, టోన్‌ఆర్మ్‌లు దీంతో చాలా పోతపోశారు. కాలం గడిచేకొద్దీ ఇది ఉబ్బుతుంది, సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి, చివరికి ముక్కలవుతుంది. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది కానీ ఆ పగుళ్లు పాతదనానికి మంచి గుర్తు. ఊడదీయడానికి బలం పెట్టకండి, చేతిలోనే విరుగుతుంది.

7. సౌండ్‌బాక్స్ లేదా రిప్రొడ్యూసర్

హారన్ తర్వాత ఎక్కువగా మారేది ఇదే, ఒక్క స్క్రూతో ఊడొస్తుంది కదా. పళ్లెం మెషిన్లకి సౌండ్‌బాక్స్ అంటాం, ఎడిసన్ వాళ్లు రిప్రొడ్యూసర్ అన్నారు.

విక్టర్ అయితే: బయట హారన్ మోడల్స్‌లో, మొదటి విక్ట్రోలాల్లో ఎక్కువ కనపడేది ఎగ్జిబిషన్ సౌండ్‌బాక్స్. తర్వాత పెద్దది నెంబర్ 2 వచ్చింది, ఆ తర్వాత నెంబర్ 4. వీటికి డయాఫ్రం, అంటే కంపించి శబ్దం పుట్టించే పలచటి బిళ్ల, అభ్రకం రేకు. 1925లో వచ్చిన ఆర్థోఫోనిక్‌కి అల్యూమినియం డయాఫ్రం. మరి 1912 విక్ట్రోలాకి అల్యూమినియం డయాఫ్రం ఉన్న ఆర్థోఫోనిక్ తగిలించి ఉంటే అది ఒరిజినల్ కంపెనీ పార్టే కానీ ఆ మెషిన్‌ది కాదు, నాలుగింట్లో రెండోది.

ఎగ్జిబిషన్ పేరుతో ఒక చిక్కుంది. విక్టర్, లండన్ గ్రామఫోన్ కంపెనీ (హెచ్ఎంవీ వీళ్లదే) రెండూ సంబంధం ఉన్న సంస్థలు, ఇద్దరూ ఆ పేరు వాడారు. కాబట్టి మీ సౌండ్‌బాక్స్ మీద ఎవరి పేరుందో పూర్తిగా చదవండి. విక్టర్ మెషిన్‌కి గ్రామఫోన్ కంపెనీ పేరున్న ఎగ్జిబిషన్ ఉంటే పాతదే, మార్చిందే. అక్షరాలు కూడా భూతద్దంలో చూడండి, అసలుదాంట్లో అంచులు పదునుగా ఉంటాయి, అచ్చు తీసి పోసినదాంట్లో సబ్బు ముక్క మీద రాతలా గుండ్రంగా కరిగినట్టుంటాయి.

హెచ్ఎంవీ పోర్టబుల్ అయితే 101కి నెంబర్ 4, 102కి ఎక్కువగా 5ఏ లేదా 5బీ ఉంటాయి. సౌండ్‌బాక్స్ మీదే నెంబర్ ఉంటుంది. ఏ పేరూ ఏ నెంబరూ లేని తళతళలాడే సౌండ్‌బాక్స్ అయితే కొత్తగా చేసినదన్న అనుమానం గట్టిగా పెట్టుకోండి.

ఎడిసన్ సిలిండర్ అయితే అక్షరాలు చూడాలి. మోడల్ సి రెండు నిమిషాల సిలిండర్లకి, మోడల్ హెచ్ నాలుగు నిమిషాలవాటికి, మోడల్ కె రెండిటికీ, అందులో ముల్లు ఉన్న భాగం తిప్పుకోవచ్చు. నాలుగు నిమిషాల మైనపు ఆంబెరోల్ సిలిండర్లు వచ్చింది 1908లో. అంతకుముందు తయారైన మెషిన్‌కి హెచ్ గానీ కె గానీ ఉంటే అది పుట్టుకతో వచ్చింది కాదు. కానీ ఆగండి, ఇక్కడే ఆ మూడో రకం వస్తుంది. పాత మెషిన్ ఉన్నవాళ్లు కూడా నాలుగు నిమిషాల సిలిండర్లు కొనాలని ఎడిసన్ కంపెనీయే మార్పిడి గేర్లు, రిప్రొడ్యూసర్ కలిపి విడిగా అమ్మింది. కాబట్టి 1905 స్టాండర్డ్ మీద ఆ గేర్ల సెట్ నీట్‌గా బిగించి ఉంటే దాన్ని పాడుచేసిన మెషిన్ అనకండి, అది ఆనాటి యజమాని కొనుక్కున్న సామాను, నన్నడిగితే దాన్ని తీయకుండా అలాగే ఉంచడమే మంచిది.

హెచ్చరిక: సరిపోయిందా లేదా అని వాయించి చూడబోయి రికార్డు పోగొట్టుకోకండి. వజ్రపు ముల్లున్న రిప్రొడ్యూసర్ బ్లూ ఆంబెరోల్ సెల్యులాయిడ్ సిలిండర్లకి, మైనపు సిలిండర్ మీద పెడితే గాళ్లు చెక్కేస్తుంది. అలాగే స్టీలు సూదితో డైమండ్ డిస్క్ వాయించకూడదు.

ఇంక లోపలి రబ్బరు గ్యాస్కెట్ల సంగతి. నూరేళ్ల రబ్బరు రాయిలా అయిపోతుంది, కాబట్టి మార్చి ఉంటారు, మార్చాలి కూడా. సూదులు, గ్యాస్కెట్లు, మెయిన్‌స్ప్రింగ్, గ్రీజు ఇవన్నీ అరిగిపోయే సామాను, వీటిని ఒరిజినల్ లెక్కలోకి తీసుకోకండి.

8. టోన్‌ఆర్మ్, హారన్, మొత్తం కలిపి చేసిన నకిలీలు

ఎక్కువమంది మోసపోయేది ఈ రకంతోనే. పెట్టె కొత్తది, హారన్ కొత్త ఇత్తడిది, మోటార్ మాత్రం పాత పోర్టబుల్ నుంచి తీసింది, పైన కుక్క బొమ్మ ప్లేటు. మోటార్ పాతదే కాబట్టి తిరుగుతుంది, పాట కూడా వస్తుంది, "వందేళ్లది" అని అమ్మేస్తారు. గుర్తుపట్టడం కష్టం కాదు:

- పెట్టె ఆరు పలకలు, ఎనిమిది పలకలు, లేదా మూలలకి ఇత్తడి తొడుగులు, చెక్కడాలు. ఏ పాత కంపెనీ క్యాటలాగ్‌లోనూ అలాంటి మోడల్ కనపడదు
- హారన్ పలచటి ఇత్తడి, రెక్కల మధ్య టంకం ముద్దలు ముద్దలుగా కనపడుతుంది. పాత హారన్లలో రెక్కల అంచులు మడిచి ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉంటాయి, లోపల చెయ్యి పెట్టి జరిపితే నున్నగా వెళ్తుంది
- టోన్‌ఆర్మ్ లావుపాటి గొట్టం, జాయింట్లు వదులు, పక్కకి ఊపితే టకటకలాడుతుంది. పాతదాంట్లో టోన్‌ఆర్మ్ సౌండ్‌బాక్స్ వైపు సన్నగా మొదలై హారన్ వైపు క్రమంగా వెడల్పవుతుంది
- వెనక బ్రాకెట్ గరుకు పోత, మీద మందంగా పూత

బయట హారన్ ఉన్న అసలు విక్టర్, హెచ్ఎంవీల్లో హారన్లు ఎక్కువగా రంగు వేసిన ఇనప రేకువి, కొన్ని ఓక్, మహాగనీ చెక్కవి, కొన్ని నల్ల గొట్టానికి ఇత్తడి గంట ఆకారం అంచు ఉన్నవి. కాబట్టి మొత్తం పసుపు పువ్వులా మెరిసేది కనపడితే సంబరం కాదు, అనుమానం రావాలి. (విచిత్రంగా, గ్రామఫోన్ అంటే ఇప్పుడు బొమ్మల్లో, అలంకరణల్లో గీసేది ఆ పసుపు పువ్వునే.)

ఎడిసన్ హారన్‌కి వేరే లెక్క. మొదట్లో చిన్న హారన్లు, 14 అంగుళాలవి లాంటివి. 1907 నుంచి రెక్కల పెద్ద హారన్, దాన్ని మోయడానికి ముందు క్రేన్ కడ్డీ. తర్వాత హంస మెడలా వంగిన సిగ్నెట్ హారన్. కానీ పెద్ద హారన్ కావాలని అప్పట్లోనే జనం హాథార్న్ అండ్ షెబల్ లాంటి వేరే తయారీదార్ల హారన్లు కొని తగిలించుకునేవాళ్లు. అవి ఎడిసన్ ఫ్యాక్టరీవి కావు, అలాగని నకిలీలూ కావు. మూడో రకం.

హారన్ లోపల టార్చి వేసి చూడటం మర్చిపోకండి. బయట మళ్లీ రంగు వేసినవాళ్లు గొట్టం మెడ లోపల దాకా వెళ్లరు, పాత రంగు అక్కడ దొరుకుతుంది.

9. ఇప్పుడు ప్లేటు, డెకాల్

ప్లేటు మీద మోడల్, సీరియల్, పేటెంట్ తేదీలు ఉంటాయి. పేటెంట్ తేదీల్లో అన్నిటికన్నా చివరిది చూడండి, మెషిన్ అంతకన్నా పాతది కాలేదు. అంతవరకే. చివరి తేదీ 1905 అయితే మెషిన్ 1905ది అని కాదు, 1905గానీ ఆ తర్వాతగానీ అని. విక్ట్రోలాల్లో సీరియల్ పక్కన ఏ, బి, సి అనే అక్షరం కూడా ఉండచ్చు, అది ఆ మోడల్‌లో వచ్చిన మార్పుల వరస, అది కూడా రాసుకోండి, ఎందుకంటే అదే మోడల్ పాత అక్షరానికి ఉండే పార్ట్ కొత్త అక్షరానికి ఉండకపోవచ్చు.

ప్లేటు పట్టిన మేకులు లేదా స్క్రూల తలలు చూడండి, కదిపిన గుర్తులున్నాయా, ప్లేటు చుట్టూ చెక్క మీద ఇంకో సైజు నీడ ఉందా. ప్లేటు మురికిగా ఉండి మేకులు మెరుస్తుంటే మార్చినట్టే.

డెకాల్ అంటే చెక్క మీద దించిన బంగారు రంగు పేరు, బొమ్మ. భూతద్దంలో చూసినప్పుడు రంగు చుక్కలు చుక్కలుగా కనపడితే ప్రింటర్ మీద తీసింది. చుక్కలు లేకపోతే పగుళ్లు చూడండి. పాత పూత పగిలినచోట ఆ పగులు డెకాల్ మీద నుంచి కూడా వెళ్లాలి. కింద పూత అంతా బీటలు వారి, దాని మీద డెకాల్ మాత్రం నున్నగా సాగి ఉంటే అది తర్వాత అతికించిందే.

కాగితం లేబుల్స్, హారన్ ముందు గుడ్డ, ఫెల్ట్ మీద యూవీ టార్చి వేయండి. నీలం తెలుపుగా భగ్గుమని మెరిస్తే అందులో తెల్లబరిచే రసాయనం ఉంది, అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సంగతి. సబ్బుతో ఉతికిన పాత గుడ్డ కూడా అలా మెరవచ్చు కాబట్టి గుడ్డ విషయంలో ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకండి.

10. చిన్నాచితకా

హ్యాండిల్ పెట్టె గోడకి రాసుకోకుండా పూర్తిగా తిరగాలి, రాసుకుంటే పొడవు వేరే మెషిన్‌ది. టర్న్‌టేబుల్ ఫెల్ట్ కొత్తదైతే అంచు కొంచెం ఎత్తి కింద పాత జిగురు, పాత రంగు పోగులు ఉన్నాయేమో చూడండి. మూత కీలు, తాళం, సూదుల గిన్నెలు వీటి స్క్రూ రంధ్రాలు చూస్తే చాలు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ముందు శుభ్రం చేసి తర్వాత చూడటం. నూనె మరక, చిలుము, దుమ్ము గీత అన్నీ పోయాక ఇంక దేన్ని చూసి చెప్తారు? ఇదే అన్నిటికన్నా పెద్దది.

పాట బాగా వస్తోంది కాబట్టి ఒరిజినల్ అనుకోవడం. వేగం 78 సరిగ్గా ఉంటే మోటార్ ఆరోగ్యంగా ఉందని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. (వేగం చూడాలంటే టర్న్‌టేబుల్ అంచున కాగితం ముక్క పెట్టి నిమిషంలో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టండి. సిలిండర్లకి 160, డైమండ్ డిస్క్‌కి 80.)

తుప్పు ఉంటే పాతది అనుకోవడం. ఉప్పునీళ్లలో పెడితే కొత్త ఇనుముకీ తుప్పు వస్తుంది. పాత తుప్పు ముదురు గోధుమరంగులో గట్టిగా అంటుకుని ఉంటుంది, మొన్నటి తుప్పు నారింజ రంగు పొడిలా వేలికి అంటుతుంది.

ఒక్క తప్పు పార్ట్ దొరగ్గానే మెషిన్ మొత్తం పనికిరాదని తేల్చేయడం, లేదా ఒక్క మంచి పార్ట్ చూసి మొత్తం ఒప్పేసుకోవడం. రెండూ ఒకటే తప్పు.

ఇంటర్నెట్‌లో దొరికిన ఒక్క ఫోటోతో పోల్చడం. ఆ ఫోటోలో మెషిన్‌కి కూడా పార్టులు మార్చి ఉండచ్చు కదా. ఆ కాలపు కంపెనీ క్యాటలాగ్ పేజీతో పోల్చండి, లేదా వేర్వేరు చోట్ల ఉన్న నాలుగైదు అదే మోడల్ మెషిన్లతో.

మీరు తేల్చింది సరైనదేనా?

కాగితం మీద పార్టుల పేర్లు రాసి ఒక్కోదాని ఎదురుగా ఏ రకమో, ఎందుకు అనుకున్నారో రాయండి. "ఎందుకు" గడిలో కనీసం రెండు వేర్వేరు కారణాలు ఉండాలి, ఉదాహరణకి సౌండ్‌బాక్స్ నెంబర్ మోడల్‌కి సరిపోయింది, దాని నికెల్ మబ్బు టోన్‌ఆర్మ్ మబ్బుతో కలిసింది. ఒకటే కారణం ఉంటే "అనుమానం" అని రాసి వదిలేయండి, సిగ్గేమీ లేదు. తర్వాత పార్టులన్నిటి కాలాలు పక్కపక్కన పెట్టండి. పెట్టె 1909, టోన్‌ఆర్మ్ 1909, సౌండ్‌బాక్స్ 1925 తర్వాత అని వస్తే మారింది ఏదో అదే కనపడిపోతుంది. అన్నీ ఒకే కాలం చెప్తూ ప్లేటు ఒక్కటే వేరే చెప్తుంటే ప్లేటుని అనుమానించండి, మెషిన్‌ని కాదు.

దూరం నుంచి కొనేటట్టయితే

మెషిన్ మీ దగ్గర లేకపోతే ఈ ఫోటోలు అడగండి: టర్న్‌టేబుల్ తీశాక బోర్డు పైభాగం, బోర్డు ఎత్తాక మోటార్, పెట్టె లోపలి అడుగు, సౌండ్‌బాక్స్ ముందు వెనక, టోన్‌ఆర్మ్ బ్రాకెట్ స్క్రూలు, హారన్ లోపల మెడ, ప్లేటు దగ్గరగా, ఇంకా స్ప్రింగ్ సగం చుట్టి తిరుగుతున్న చిన్న వీడియో. బోర్డు ఎత్తడం తెలియదు, భయం అంటే అర్థం చేసుకోవచ్చు, తెలిసినవాళ్ల చేత తీయించమనండి. తెలిసి కూడా లోపలి ఫోటో ఇవ్వనంటే మోటార్ మార్చారనే లెక్కేసుకుని ధర మాట్లాడండి, ఆ ధరకి ఒప్పుకోకపోతే వదిలేయండి.

కొన్నాక రవాణాకి ముందు హారన్, సౌండ్‌బాక్స్, టర్న్‌టేబుల్, హ్యాండిల్ నాలుగూ విడదీసి వేరుగా చుట్టమని చెప్పండి, ఏ స్క్రూ ఏ పార్ట్‌దో చిన్న కవర్లో వేసి పేరు రాయమనండి. దారిలో టోన్‌ఆర్మ్ మీద సౌండ్‌బాక్స్ ఊగి పాట్ మెటల్ విరగడం మామూలే, విరిగాక అది ఒరిజినల్ అని మీరు కనిపెట్టినా లాభం లేదు.